నోట్లో గుండుసూదులు

మూడో గుండుసూది నాలుక కింద దొరికిందని డాక్టరు చెప్పాడు. మొదటి రెండూ కింది పెదవి లోపలివైపు గుచ్చుకుని ఉన్నాయట. మూడింటినీ చిన్న గాజు సీసాలో వేసి నా ముందు పెట్టాడు. గోడ గడియారం తొమ్మిదీ నలభై చూపిస్తోంది.

శవం మీద దుప్పటి ఉంది. మొహం చూడాలనిపించలేదు. కాళ్ల దగ్గర దుప్పటి ఎత్తాను. రెండు పిక్కల మీదా ఒకే ఎత్తులో అడ్డంగా గీరుకుపోయిన గీత. ఎప్పటిదని అడిగితే, పడినప్పటిదేనని డాక్టరు అన్నాడు.

చచ్చిపోయినాయన్ని అందరూ టేపు మాస్టరు అనేవాళ్లు. వయసు అరవై ఒకటి. రేసు గుర్రాలెక్కే జాకీల రంగు చొక్కాలు కుట్టేవాడు. మధ్యలో పదిహేడేళ్లు రేసులాడాడు, చివరి ఆరేళ్లూ టేపు కూడా మానేశాడు. ఆ పదిహేడేళ్లలో గుర్రప్పందేల మీద మేడ కట్టాడు, కార్లు కొన్నాడు, సొంతంగా అయిదు గుర్రాల్ని పెట్టాడు, అన్నీ పోగొట్టుకున్నాడు. మళ్లీ టేపు మెళ్లో వేసుకుని మూడో అంతస్తు అద్దె గదిలో కూర్చున్నాడు. నిన్న పొద్దున ఏడూ అయిదుకి ఆ గది కిటికీలోంచి వెనక పెరట్లో పడ్డాడు.

నేను ప్రైవేటు డిటెక్టివుని. నన్ను పెట్టుకుంది మాస్టరు అల్లుడి అక్క. అల్లుడు జాకీ. నిన్న రాత్రి నుంచి లాకప్‌లో ఉన్నాడు. ఆరూ ముప్పయ్యయిదుకి ఒక జాకీ మెట్లెక్కి వెళ్లడం కింద బొత్తాల కొట్టాయన చూశాడు. ఆ తర్వాత ఎవరూ ఎక్కలేదు. ఇన్‌స్పెక్టరు రెండు దార్లు పెట్టాడు. ఆస్తి పోయిన దిగులుతో మా నాన్న తనంతట తనే దూకాడు అన్న కాగితం మీద కూతురు సంతకం పెడితే అల్లుణ్ణి వదిలేస్తాడు. మధ్యాహ్నం రెండింటిలోగా పెట్టకపోతే హత్య కేసు రాసి నాలుగింటికి కోర్టుకు పంపుతాడు. మూడింటి రేసులో ఫేవరెట్ గుర్రం ఎక్కాల్సింది ఈ అల్లుడే. క్లబ్ వాళ్లు అరగంటకోసారి స్టేషనుకు ఫోన్ చేస్తున్నారు.

కూతురు సంతకం పెట్టనంది.

పొద్దున ఎనిమిదింటికి వాళ్లింటికి వెళ్లినప్పుడు అక్కే మాట్లాడింది. తమ్ముణ్ణి నాలుగో ఏట నుంచి తనే పెంచిందట. ఎత్తుగా, చేతులు ఊపుతూ మాట్లాడే మనిషి. మరదలు గోడకి ఆనుకుని నించుంది. ఆమె వదినగారి భుజం దాకా వస్తుంది, అంతే. నేను అడిగినవాటికి తల ఊపింది, కొన్నింటికి అదీ లేదు.

"చచ్చినాయన ఎలాగూ తిరిగి రాడు. బతికున్నవాణ్ణి లోపల కూర్చోబెట్టి ఏం సాధిస్తుందండీ ఈ పిల్ల? ఒక్క సంతకం. చెయ్యి అరిగిపోతుందా?" అంది అక్క.

ఎందుకు పెట్టనంటున్నావమ్మా అని అడిగాను.

"మా నాన్న దూకలేదు" అంది కూతురు. తండ్రి పోయిన మనిషి అలాగే అంటుందనుకున్నాను.

పదీ పదిహేనుకి మాస్టరు గదికి వెళ్లాను. ఇన్‌స్పెక్టరు అప్పటికే అక్కడున్నాడు. కత్తిరింపు బల్ల మీద కూర్చుని కాళ్లు ఆడిస్తున్నాడు. మేమిద్దరం ఒకే ఏడాది కానిస్టేబుళ్లుగా చేరాం. అతను ఎదిగాడు. నేను మానేశాను.

"ఏమయ్యా, మీ ఊళ్లో తప్పిపోయిన బర్రెలన్నీ దొరికాయా?" అన్నాడు.

"దొరికాయి" అన్నాను.

గదిలో సగం ఆ బల్లే. మేడ రోజుల్లో చేయించిన బల్ల. మెట్ల మీంచి రాకపోతే, కిటికీ ఊచలు పీకించి తాళ్లతో పైకి లాగించాడట. ఊచలు మళ్లీ పెట్టించలేదు, గోడకి ఆనించి ఉన్నాయి. తుప్పు పట్టాయి. కిటికీ కింది అంచు నా మోకాలికి కొంచెం కిందకి వస్తుంది. మాస్టరు నాకంటే పొడుగు. పిక్కల మీద గీత ఎక్కడిదో తెలిసింది.

బల్లకీ కిటికీకీ మధ్య నాలుగడుగుల చోటు ఉంది. అందులో బల్లని ఆనుకుని ఒక పీట. కొలతలిచ్చేవాళ్లు దాని మీద నించుంటారు. పీట ఎక్కి చూశాను. ఎదురుగా కిటికీ. కిటికీ నిండా ఆకాశం.

ఇస్త్రీ పెట్టె మడమ మీద నిలబెట్టి ఉంది. గోడ దగ్గర స్విచ్చి ఆపి ఉంది. బల్ల మీద పసుపు చేతుల ఆకుపచ్చ చొక్కా. నిండా గుండుసూదులే. అయినా చక్కగా మడిచి ఉంది. మడత మీద అరచెయ్యి పెట్టి నిమిరాను. ఒక్క సూది గుచ్చుకోలేదు. మొనలన్నీ లోపలికి తిరిగి ఉన్నాయి. మీవాళ్లు మడిచారా అని అడిగాను. ఎవరూ ముట్టుకోలేదు, ఇలాగే ఉందన్నాడు ఇన్‌స్పెక్టరు.

గాజు సీసా సంగతి ఎత్తాను. అతనికి ముందే తెలుసు. బయటికి చెప్పొద్దని డాక్టరుకి చెప్పింది కూడా అతనే.

"టైలరు నోట్లో గుండుసూదులు కాక ముత్యాలుంటాయా?"

"బల్ల మీద గుడ్డకి సూదులు పెట్టేటప్పుడు పక్కన సూదులు గుచ్చి ఉంచే చిన్న దిండు ఉంటుంది. అందులోంచి తీసి పెడతారు. మనిషి ఒంటి మీదున్న గుడ్డకైతే రెండు చేతులూ కావాలి. అప్పుడే నోట్లో పెట్టుకుంటారు."

"అయితే?"

"దూకేవాడు ముందు సూదులు ఉమ్మేస్తాడు. పైగా ఈయన వెనక్కి పడ్డాడు. పిక్కలు కిటికీ అంచుకి గీరుకున్నాయి. కావాలని దూకేవాడు వెనక్కి దూకడు."

అతను కాళ్లు ఆడించడం ఆపాడు.

"అంటే పీట మీద ఎవరో ఉన్నారంటావు. ఈ చొక్కా తొడుక్కుని."

"ఉన్నారు."

"చొక్కా ఎవరికోసం కుడుతున్నాడు?"

"అల్లుడికోసం."

"మరి ఇంకేం. ఇంతవరకూ నా దగ్గర బొత్తాలాయన మాట ఒక్కటే ఉంది. ఇప్పుడు నువ్వు చొక్కా కూడా తొడిగావు. ఆ అమ్మాయి సంతకం పెట్టినా నేనిక వాణ్ణి వదలక్కర్లేదు." బల్ల దిగాడు. "వాళ్ల అక్క దగ్గర ఫీజు తీసుకున్నావా? వెనక్కిచ్చెయ్."

రెండింటి దాకా టైముందా అని అడిగాను. రెండంటే రెండే అన్నాడు. చొక్కాని మడత చెదరకుండా సంచిలో పెట్టించి తీసుకుపోయాడు.

బొత్తాల కొట్టు వాకిలి పక్కనే. కొట్టాయన వెనక వందల సొరుగులు. మాస్టరుతో ముప్పయ్యేళ్ల స్నేహమట. మాస్టరు ఎక్కడికి మారితే ఆ దరిదాపుల్లోకి తనూ మారాడు. మాట్లాడుతూనే బొత్తాలు ఏరుతున్నాడు. నాలుగు రంధ్రాలవి ఒక గిన్నెలోకి, రెండు రంధ్రాలవి ఇంకో గిన్నెలోకి.

ఎక్కిన మనిషి సంగతి ముందు అడిగాను. నిన్న పొద్దున ముసురు పడుతోంది. పొట్టి మనిషి, పొడుగాటి వానకోటు, జాకీల టోపీ. చూసింది వీపే. అల్లుడెప్పుడొచ్చినా కొట్టు ముందు ఆగి, ఏం మావా, ఇవాళ ఎన్ని బొత్తాలు మింగావు అని అడుగుతాడట. నిన్న అడగలేదు. ఏదో తొందరనుకున్నాడు. ఏడూ అయిదుకి వెనక పెద్ద చప్పుడు. అందరూ పెరట్లోకి పరిగెత్తారు, తనూ పరిగెత్తాడు. ఆ హడావుడిలో మెట్లెవరు దిగారో ఎవరూ చూడలేదు.

తర్వాత మాస్టరు సంగతి అడిగాను. ఆయన దాన్ని బొత్తాలు ఏరినట్టే చెప్పాడు.

మాస్టరుకి గుర్రాల గురించి ఏమీ తెలియదు. జాకీల గేటు పక్కన చిన్న కొట్టు. ప్రతి జాకీనీ నెలకోసారి కొలిచేవాడు. ఎవడి నడుము నెలలో అంగుళం తగ్గిందో వాడు బరువు దించడానికి తిండీ నీళ్లూ మానేశాడన్నమాట. వాడు ఆఖరి మలుపు దాకా బానే వస్తాడు, ఆ తర్వాత గుర్రాన్ని పట్టలేడు. ఎవడి ముంజెయ్యి పావంగుళం లావైందో వాడు ఎవరికీ చెప్పకుండా పొద్దున్నే ఏదో మంచి గుర్రాన్ని తిప్పుతున్నాడన్నమాట. ఇది రేసులాడే వేలమందిలో ఎవరికీ తెలియదు. మాస్టరు వేళ్లకి తెలుసు. మొదటివాడి గుర్రం మీద ఎప్పుడూ పెట్టేవాడు కాదు, రెండోవాడి మీద చేతిలో ఉన్నదంతా పెట్టేవాడు. అలా పదకొండేళ్లు.

"జాకీలతో చెప్పేవాడా? నాయనా, నీ ఒళ్లు బాలేదు, ఎక్కకు అని?"

"చెబితే ఇంకేముంది? వాడు మానేస్తాడు." ఒక బొత్తాం వెలుతురుకి పట్టి చూశాడు. "ఒకడుండేవాడు, ఎప్పుడూ ఈల వేసేవాడు. రెండు నెలల్లో మూడంగుళాలు తగ్గాడు. ఆఖరి మలుపులో కూలబడిపోయాడు, వెనక గుర్రాలు మీంచి పోయాయి. మాస్టరు ఆ ఏడాదే పై అంతస్తు వేశాడు."

మేడ పూర్తయ్యాక కొట్లో పదిమంది టైలర్లని పెట్టాడు. టేపు ముట్టుకోవడం మానేశాడు. దుర్బిణీ పట్టుకుని పెద్దమనుషుల వరసలో కూర్చున్నాడు. అక్కడ నుంచి మిగతావాళ్లకి ఏం కనబడుతుందో ఆయనకీ అదే కనబడింది. పదకొండేళ్లలో వచ్చింది ఆరేళ్లలో పోయింది. ముందు గుర్రాలు, తర్వాత కార్లు, ఆఖరున మేడ. బల్ల మాత్రం అమ్మలేదు.

"ఈ మధ్య ఎలా ఉండేవాడు?"

"ఈ మధ్యా?" కొట్టాయన చెయ్యి ఆగింది. "ఈ పదిరోజులూ హుషారుగానే ఉన్నాడు. మొన్న గోళీ సోడా తాగించాడు. ఏమిటి సంగతంటే నవ్వాడు. దూకే మనిషిలా లేడండీ. మీ ఇన్‌స్పెక్టరుతో అదే చెప్పా, రాసుకోలేదు."

పన్నెండున్నరకి లాకప్‌కి చేరేసరికి నా దగ్గర ఇంకో సంగతి ఉంది. పొద్దున పూట జాకీలుండేది ట్రాక్ మీదే కాబట్టి, దారిలో ట్రాక్ ఆఫీసుకి ఫోన్ చేశాను.

జాకీ మోకాళ్లు ముడుచుకుని మూల కూర్చున్నాడు. ముప్పయ్యేళ్లవాడు. దూరం నుంచి చూస్తే బడిపిల్లాడు, దగ్గరికెళితే మొహం నిండా గీతలు. ముందున్న టీ మీద మీగడ కట్టింది. ముట్టుకోలేదు. ఇంకో గ్లాసు చేతిలో పట్టుకుని మధ్యమధ్య అందులో ఉమ్ముతున్నాడు. పెదవులు చీలిపోయి ఉన్నాయి.

నిన్న పొద్దున ఎక్కడున్నావని అడిగాను. ఆరూ నలభైకి ట్రాక్ మీద ఉన్నాడట, ఆరూ యాభైకి గుర్రాన్ని పరిగెత్తించాడట, ట్రైనరు మనిషి స్టాప్‌వాచీలో టైము కూడా ఉందట. ఇన్‌స్పెక్టరుకీ అదే చెప్పాడు. ట్రైనరు తన జాకీ కోసం ఏమైనా చెబుతాడని ఇన్‌స్పెక్టరు కొట్టేశాడు.

"ముసురు వల్ల నిన్న ఆరున్నరకి ట్రాక్ మూసేశారు" అన్నాను.

గ్లాసులో ఉమ్మాడు.

అతని చెయ్యి అందుకున్నాను. మణికట్టు పైన చర్మం రెండు వేళ్లతో పట్టి లాగి వదిలాను. లాగిన చోట అలాగే నిలబడింది. చాలాసేపటికి గానీ పడలేదు. మా ఊళ్లో గొడ్డుకి పారుడు తగిలి ఒంట్లో నీళ్లు పోతే మెడ దగ్గర ఇలాగే లాగి చూసేవాళ్లం.

"ఎన్ని గంటలు కూర్చున్నావు ఆవిరి గదిలో?"

తల దించుకున్నాడు. తర్వాత చెప్పాడు. మూడింటి రేసుకి నలభై తొమ్మిది కిలోలు తూగాలి. మొన్నటికి ఇంకా మూడు కిలోలు ఎక్కువున్నాడు. చెమట పట్టించి బరువు దించే ఆవిరి గదిలోకి రెండు వారాలు వెళ్లకూడదని క్లబ్ డాక్టరు రాసిచ్చాడు. నిన్న అక్కడ తువ్వాళ్లిచ్చే ఆయన్ని బతిమాలుకుని వెనక తలుపున దూరాడు. ఒంటికి రబ్బరు కోటు చుట్టుకుని గంటకి పైగా కూర్చున్నాడు.

"మావయ్య చొక్కా చూసుకోవడానికి రమ్మన్నాడు. ఆవిరి గదిలో ఉన్నాను కాబట్టి వెళ్లలేదు. ఇది బయటికొస్తే లైసెన్సు పోతుందన్నా. ఈ ఒక్క రేసూ ఎక్కనీ. ఇది గెలిస్తే ఏడాది దాకా ఒళ్లు దించక్కర్లేదు."

"హత్య కేసు పడితే లైసెన్సుతో ఏం చేస్తావు?"

దానికి అతను నవ్వాడు. పెదవి చీలి నెత్తురొచ్చింది. దాన్ని కూడా మింగకుండా గ్లాసులో ఉమ్మాడు.

ఒంటిగంటకి క్లబ్ వెనక తలుపు దగ్గర తువ్వాళ్లాయన్ని పట్టుకున్నాను. ముసలాయన. అరగంట తిప్పుకున్నాడు. హత్య కేసన్నాక మెత్తబడ్డాడు. లోపల ఎవరున్నా తలుపు అద్దం దగ్గర కూర్చుని కనిపెట్టి ఉండటం ఆయన పని. కళ్లు తిరిగి పడతారు కాబట్టి ఒక్క నిమిషం కూడా వదలడానికి లేదు. జాకీ లోపలికెళ్లింది ఆరూ పదికి. బయటికొచ్చింది ఏడూ ఇరవైకి. మధ్యలో రెండుసార్లు తలుపు తీసి గాలి తగలనిచ్చాడు. రెండోసారి లేవలేకపోతే చంకల కింద చేతులేసి లేపాడు. ఇంకో జాకీ కూడా లోపలే ఉన్నాడు. అతన్నీ అడిగాను. అవే టైములు చెప్పాడు.

ఒకటీ నలభైకి ఇద్దర్నీ ఇన్‌స్పెక్టరు ముందు నిలబెట్టాను.

అతను విడివిడిగా అడిగాడు. గడియారం ఎక్కడుంది, ఎవరు ఏ వైపు కూర్చున్నారు, రబ్బరు కోటు ఏ రంగు. తడబడలేదు. కుర్చీలో వెనక్కి వాలి నావైపు చూశాడు.

"అయితే పీట మీద ఎవరున్నట్టు?"

"తెలియదు. పొట్టి మనిషి. ఇతను మాత్రం కాదు."

"నాకు మనిషినివ్వకుండా నా మనిషిని తీసుకుపోతావు. పాత అలవాటే. ఆ ఏడాది గొలుసు దొంగ విషయంలోనూ ఇంతే చేశావు."

"వాడూ దొంగ కాదుగా."

ఫోన్ మోగింది. క్లబ్ వాళ్లు. అతను రెండుసార్లు అవునని, ఒకసారి చూస్తానని చెప్పి పెట్టేశాడు. లాకప్ తాళం తీయమని కానిస్టేబులుకి చెప్పాడు. అప్పుడు నేను డాక్టరు రాసిచ్చిన సంగతి గుర్తుచేశాను. ఇతన్ని రెండు వారాలు ఆవిరి గదిలోకి పోవద్దన్నాడని.

"మనం డాక్టర్లమా?" అన్నాడు.

తల ఊపాను. అది దాచుకోను.

ఒకటీ యాభై అయిదుకి జాకీ బయటికొచ్చాడు. క్లబ్ కారు వాకిట్లో ఆగి ఉంది. అక్క అతని మొహం రెండు చేతుల్తో తడిమి, నాకు దండం పెట్టి, తమ్ముడి పక్కనే కారెక్కింది. మెట్లు దిగేటప్పుడు అతను గోడ పట్టుకున్నాడు. రాత్రంతా నేల మీద కూర్చున్నాడు కదా, కాళ్లు పట్టేసి ఉంటాయనుకున్నాను.

లోపల కానిస్టేబులు ఆకుపచ్చ చొక్కాని సంచిలోంచి తీసి లెక్క రాస్తున్నాడు. మళ్లీ మడవబోయాడు. సూది గుచ్చుకుని చెయ్యి విదిలించాడు. ఇంకోలా తిప్పి మడిచాడు, ఇంకోటి గుచ్చుకుంది. తిట్టుకున్నాడు. మూడోసారి ఉండలా చుట్టి సంచిలో కుక్కాడు.

నేను వాకిట్లోనే ఆగిపోయాను.

మనిషి కిటికీలోంచి పడిపోయాడు. ఆ చొక్కా తొడుక్కున్నవాళ్లు పారిపోవాలి. ముందు చొక్కా విప్పారు. విసిరెయ్యలేదు. తర్వాత తీసేవాళ్లకి గుచ్చుకోకుండా మొనలు లోపలికి తిప్పి మడిచారు. గుడ్డ కాలిపోతుందని ఇస్త్రీ పెట్టె ఆపారు. ఇవి ఆలోచించి చేసే పనులు కావు. పుట్టినప్పటి నుంచీ టైలరింట్లో పెరిగిన చేతులు వాటంతటవే చేసేవి.

రెండూ ఇరవై అయిదుకి వాళ్లిల్లు చేరాను.

కూతురు తలుపు తీసింది. పొద్దున్న ఎలా ఉందో అలాగే ఉంది. తలుపు వెనక వంకీకి పొడుగాటి వానకోటు వేలాడుతోంది, దాని మీద టోపీ. ఆమె వాటిని దాచలేదు. నేను చూడటం కూడా చూసింది.

మీ ఆయన్ని వదిలేశారమ్మా అన్నాను.

"సంతకం పెట్టలేదుగా నేను."

"అక్కర్లేకపోయింది. ఆ టైములో అతను ఆవిరి గదిలో ఉన్నాడని రుజువు చేశాను."

"ఇప్పుడెక్కడున్నారు?"

"రేసు కోర్సుకి వెళ్లారు. మీ వదినగారు కూడా వెళ్లింది."

ఆమె గోడ వెంట జారి కింద కూర్చుంది. ఏడవలేదు. నేల వైపు చూస్తూ అడిగింది, నాన్న నోట్లో ఇంకా మూడు సూదులుండాలి, దొరికాయా అని. ఆ సీసా సంగతి డాక్టరుకీ ఇన్‌స్పెక్టరుకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

"దొరికాయి" అన్నాను. నేనూ కింద కూర్చున్నాను.

ఆమె చెప్పింది. గొంతు పెరగలేదు, తగ్గలేదు. పద్నాలుగో ఏట నుంచి జాకీలు రాలేనప్పుడు వాళ్ల చొక్కాలు తనే తొడుక్కుని పీట మీద నించుంటుంది. తన ఎత్తూ భుజాలూ జాకీల లెక్కకి సరిపోతాయి. నిన్న ఆయన ఆవిరి గదికి పోతే, వానకోటు వేసుకుని తను వెళ్లింది. నడుము కొలత మాత్రం ఆయనదే, ఆదివారం నాన్న తీసుకున్నది. ఆ కొలతకి సూదులు పెడుతూ పోయాడు. ఈ పక్క అంగుళంన్నర, ఆ పక్క అంగుళంన్నర. తను ఊపిరి బిగబట్టినా పట్టలేదు.

"ఇంత తగ్గాడేంటి నాన్నా అన్నాను. నవ్వాడు. నోట్లో సూదులు పెట్టుకునే నవ్వాడు. మేడలో ఉన్నప్పుడు కూడా అంత నవ్వు చూళ్లేదు. ఈ దెబ్బతో మన రోజులు తిరిగొస్తాయే అమ్మాయ్, ఆఖరి మలుపు దాటి నిలవడు, అందరూ వీడి మీదే పెడుతున్నారు, నేనొక్కణ్ణే రెండో గుర్రం మీద పెట్టాను అన్నాడు. నేనెవర్నో మర్చిపోయాడండీ. నడుము ఒక్కటే కనబడింది."

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు. చొక్కా ఎలా పడిందో చూడాలని వెనక్కి అడుగేశాడు. ఎప్పుడూ మూడడుగులు వేస్తాడు. మేడలో చోటుండేది. పాత కొట్లోనూ ఉండేది. ఈ గదిలో రెండడుగులే ఉంది. నేనెప్పుడూ చెబుతాను, నాన్నా కిటికీ అని. వచ్చిన ప్రతిసారీ చెప్పాను. నిన్న రెండో అడుగు వేసి, తల పక్కకి వంచి చూసుకున్నాడు. నేను కిటికీ చూస్తున్నాను. నోరు తెరవలేదు."

బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"తోయలేదు" అన్నాను.

"తోయలేదు. చెప్పలేదు."

ఆమెని శిక్షించే చట్టం నాకు తెలిసి లేదు. ఆ మాట చెప్పబోయాను. ఆమెకి అది అక్కర్లేదు.

"ఆయనకి ఎన్నోసార్లు చెప్పాను ఎక్కొద్దని. వినరు. సంతకం పెడితే వదిలేస్తారు, వదిలితే గుర్రం ఎక్కుతారు. పెట్టకపోతే సాయంత్రం దాకా లోపలే ఉంచుతారని పెట్టలేదు. రేసైపోయాక నేనే స్టేషనుకెళ్లి చెబుదామనుకున్నా. ఒక్క పూట లోపలుంటే సరిపోయేది."

నేను లేచాను. ఫోన్ ఎక్కడుందని అడిగాను. చూపించింది. రెండూ యాభై రెండు.

జాకీ పెదవులు చూశాను. ఉమ్మిన గ్లాసు చూశాను. చర్మం పట్టి లాగింది నేనే. అవన్నీ నాకు ఆరూ పది నుంచి ఏడూ ఇరవై దాకా లోపలున్నాడని మాత్రమే చెప్పాయి. ఆ టైము తీసుకుని వచ్చేశాను. మాస్టరు అంగుళాలు తీసుకున్నట్టే.

క్లబ్ నంబరు ఎంగేజి. మళ్లీ తిప్పాను. ఎంగేజి. నాలుగోసారికి మోగింది. తూకం గది గుమాస్తా ఎత్తాడు. వెనక జనం గోల. ఫేవరెట్ గుర్రం జాకీని దింపెయ్యండి, డాక్టరుని పిలవండి అన్నాను. ఎవరు మాట్లాడేది అన్నాడు. పోలీసులమన్నాను, జీవితంలో మొదటిసారి అబద్ధం. ఆ మనిషి ఒంట్లో నీళ్లు లేవు, చచ్చిపోతాడు అని చెప్పాను.

"భలేవారే" అన్నాడు గుమాస్తా. "తూకం ఇప్పుడేగా చూశాను. సరిగ్గా నలభై తొమ్మిది. ముల్లు ఇటూ లేదు, అటూ లేదు. ఇంత కచ్చితంగా ఈ సీజన్లో ఎవరూ తూగలేదు."

నా వెనక ఆమె చెప్పులేసుకుంటోంది. తలుపు తెరుచుకుంది. మెట్ల మీద ఆమె పరిగెత్తడం వినిపించింది.

"గుర్రాల్ని ఆపండి" అన్నాను.

గుమాస్తా ఏదో అన్నాడు. మాట అందలేదు. ఫోనులో గంట మోగింది, గేట్లు ఒక్కసారిగా తెరుచుకున్న చప్పుడయింది, ఆ వెంటనే వేలమంది కేక.